గంటలు తగ్గించుకునే కాగితం మీద సంతకం చేసే ముందు

శుక్రవారం లోపల మేనేజరుకు జవాబు చెప్పాలన్నారు కాబట్టి ముందుగా ఆ సంగతే చెబుతాను. వారానికి 24 గంటల పార్ట్ టైమ్ ఉద్యోగానికి మారుతున్నట్టు మీ ముందు పెట్టిన కాగితం మీద ఇప్పుడే సంతకం చేయకండి. గంటలు తగ్గించుకోవద్దని నేను అనడం లేదు. డాక్టరు అంత గట్టిగా చెప్పాక తగ్గించుకోక తప్పదు. అయితే ఆ తగ్గింపు ఏ పేరుతో, ఏ తేదీన, ఎవరి మాట మీద జరిగినట్టు కాగితాల్లో నమోదవుతుందో దాన్ని బట్టే, రేపు జబ్బు ముదిరితే మీకు అందే డబ్బు ఎంతో, అసలు అందుతుందో లేదో తేలుతుంది.

మీరు చెప్పిన వివరాలు ఇవి. వయసు 43 ఏళ్లు. డాలస్ దగ్గర ఒక పెద్ద కంపెనీలో పన్నెండేళ్లుగా ఉద్యోగం, ప్రస్తుతం టెస్టింగ్ లీడ్‌గా నెలకు 9,000 డాలర్ల జీతం. గ్రీన్ కార్డు ఉంది. ఆరేళ్లుగా లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు) ఉంది, ఇప్పుడు అది కిడ్నీల దాకా వచ్చింది. వారానికి 24 గంటలకు మించి పని చేయవద్దని రుమటాలజిస్టు (ఇలాంటి జబ్బులు చూసే స్పెషలిస్టు) అన్నారు. మేనేజరు మంచివారే, ఆయనే పార్ట్ టైమ్ సూచించారు. మీరు అడిగినవి మూడు: ఆ సూచనకు ఒప్పుకోవచ్చా, పార్ట్ టైమ్ చేస్తూనే ప్రభుత్వ డిజేబిలిటీ (పని చేయలేనివారికి ఇచ్చే భృతి) తీసుకోవచ్చా (మీ స్నేహితురాలి బంధువు ఒకరు అలా తీసుకుంటున్నారని విన్నారు), వైద్యం కోసం కొన్ని నెలలు విజయవాడలో అమ్మావాళ్ల దగ్గర ఉంటే ఏమవుతుంది. నేను న్యాయవాదిని కాను. అమెరికాలో ఉద్యోగుల బెనిఫిట్స్ చూసే విభాగాల్లో చాలాకాలం పనిచేశాను; ఇలాంటి క్లెయిములు మంజూరవడమూ, తిరస్కరణకు గురవడమూ రెండూ దగ్గరగా చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

డిజేబిలిటీ అనగానే మనవాళ్లందరికీ సోషల్ సెక్యూరిటీయే, అంటే ప్రభుత్వ పథకమే గుర్తొస్తుంది. మీ విషయంలో ఇప్పటికి ముఖ్యమైనది అది కాదు. మీ కంపెనీ ఇచ్చే లాంగ్ టర్మ్ డిజేబిలిటీ ఇన్సూరెన్స్, అంటే అందరూ ఎల్‌టీడీ అనేది, అదే మీకు అసలు ఆధారం. ఉద్యోగంలో చేరిన కొత్తలో బెనిఫిట్స్ ఎంచుకునేటప్పుడు టిక్కు పెట్టి మరచిపోయే వాటిలో అదొకటి. చాలామందికి తమకు అది ఉందన్న సంగతే తెలియదు. మీ పే స్టబ్ (జీతం చీటీ) తీసి చూడండి. ఎల్‌టీడీ పేరుతో ఏదైనా కోత ఉన్నా, లేదా కోత లేకుండా కంపెనీయే ప్రీమియం కడుతూ ఉన్నా, మీకు కవరేజీ ఉన్నట్టే. ప్రీమియం ఎవరు కడుతున్నారన్నది కూడా అక్కడే గమనించండి, ఎందుకంటే కంపెనీ కట్టినదైతే రేపు వచ్చే డబ్బు మీద ఆదాయపు పన్ను పడుతుంది, పన్ను పోయాక మిగిలిన మీ జీతంలోంచి మీరే కట్టినదైతే పడదు.

ఈ పాలసీలన్నీ ఒకేలా ఉండవు గాని, పెద్ద కంపెనీల గ్రూపు పాలసీల్లో తరచుగా కనిపించే అమరిక ఇలా ఉంటుంది. జబ్బు మొదలయ్యే ముందటి నెల జీతంలో 60 శాతం ఇస్తారు. దానికి ముందు 90 లేదా 180 రోజుల ఎలిమినేషన్ పీరియడ్ గడవాలి; ఆ రోజుల్లో ఏమీ రాదు, కంపెనీకి షార్ట్ టర్మ్ డిజేబిలిటీ (కొద్ది నెలలకు ఇచ్చే బీమా) ఉంటే దానితో నెట్టుకురావాలి. మొదటి 24 నెలలు మీ సొంత వృత్తి చేయలేకపోతున్నారా అని చూస్తారు, ఆ తరువాత మీ చదువుకూ అనుభవానికీ తగిన ఏ పనీ చేయలేకపోతున్నారా అని చూస్తారు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, పూర్తిగా మంచాన పడితేనే ఇది వస్తుందన్నది నిజం కాదు. చాలా పాలసీల్లో పాక్షిక వైకల్యానికి విడిగా ఒక నిబంధన ఉంటుంది. జబ్బు వల్ల తక్కువ గంటలు పనిచేస్తూ, దానివల్ల ఆదాయం 20 శాతమో అంతకన్నా ఎక్కువో పడిపోతే, ఆ లోటులో కొంత భాగాన్ని ఇన్సూరెన్సు పూడుస్తుంది. మీకు ఇప్పుడు కావలసింది సరిగ్గా అదే.

మీ అంకెలతోనే లెక్క వేసి చూపిస్తాను. నెలకు 9,000 డాలర్లలో 60 శాతమంటే 5,400 డాలర్లు ఎల్‌టీడీ. 40 గంటల బదులు 24 గంటలు చేస్తే మీకు వచ్చే జీతం కూడా 5,400 డాలర్లే. చాలా పాలసీలు మొదటి 12 నెలల్లో ఉదారంగా ఉంటాయి: జీతమూ ఎల్‌టీడీ కలిపి పాత జీతాన్ని మించనంతవరకు కోత వేయవు. ఇక్కడ రెండూ కలిపితే 10,800 అవుతుంది కాబట్టి పైనున్న 1,800 తగ్గించి, ఎల్‌టీడీ కింద 3,600 ఇస్తారు. అంటే మీ చేతికి వచ్చేది మళ్లీ 9,000. ఆ తరువాతి కాలానికి తరచుగా వాడే పద్ధతిలో, ఆదాయంలో ఎంత శాతం పోయిందో ఎల్‌టీడీలో అంత శాతం ఇస్తారు. మీకు పోయింది 40 శాతం, 5,400లో 40 శాతమంటే 2,160. జీతంతో కలిపి 7,560 డాలర్లు.

ఇప్పుడు రెండో దారి చూడండి. మేనేజరు చెప్పినట్టు ముందుగా పార్ట్ టైమ్‌కు మారిపోయారనుకుందాం. హెచ్‌ఆర్ రికార్డులో అది ఉద్యోగి కోరిక మీద జరిగిన మార్పుగా ఎక్కుతుంది. ఏడాది గడిచాక జబ్బు ఎదురుతిరిగి పూర్తిగా పని మానవలసి వచ్చి, అప్పుడు క్లెయిము పెడతారు. ఇన్సూరెన్సు వాళ్లు జబ్బుకు ముందటి జీతమంటూ 5,400 తీసుకుంటారు. దానిలో 60 శాతమంటే 3,240. అది కూడా అదృష్టం బాగుంటేనే. గ్రూపు పాలసీల్లో అర్హులెవరన్న చోట వారానికి కనీసం 30 గంటలు పనిచేసే ఉద్యోగులు అని తరచుగా రాసి ఉంటుంది. మీరు 24 గంటలకు మారిన రోజునే ఆ వర్గం నుంచి బయటపడి ఉంటారు, కాబట్టి మీకు కవరేజీయే లేదని చెప్పి ఫైలు మూసేయవచ్చు. అదే జబ్బు, అదే మనిషి, అదే 24 గంటలు. కాగితాల వరుస మారిందంతే. ఆ మేనేజరుకు ఇందులో దురుద్దేశం ఉందని నేను అనుకోను. మేనేజర్లకు ఈ పాలసీల గురించి తెలియదు, తెలుసుకోవలసిన అవసరం వాళ్లకు రాదు.

అందువల్ల వరుస ఇలా ఉండాలి. ముందుగా డాక్టరు నుంచి పరిమితుల పత్రం తీసుకోవాలి: ఫలానా తేదీ నుంచి, ఫలానా కారణాల వల్ల, వారానికి ఇన్ని గంటలకు మించి పనిచేయరాదని. తరువాత ఆ పత్రాన్ని ఆధారంగా చూపి, వైద్య కారణాల మీద గంటల తగ్గింపును హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా కోరాలి. అదే వారంలో షార్ట్ టర్మ్ డిజేబిలిటీకి, ఎల్‌టీడీకి సమాచారం ఇవ్వాలి. గంటలు తగ్గిన మొదటి రోజూ, డిజేబిలిటీ మొదలైన తేదీగా క్లెయిములో రాసే రోజూ ఒకటే అయి ఉండాలి. వీటికి ముందు చేయవలసిన పని ఇంకొకటుంది: ఎల్‌టీడీ పాలసీ పూర్తి ప్రతినీ, సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్‌నూ ప్లాన్ అడ్మినిస్ట్రేటరును (ప్లాను నిర్వహణ చూసేవారిని) ఉత్తరం ద్వారానో ఈమెయిలు ద్వారానో అడగండి. 1974 నాటి ఎరీసా (ఉద్యోగుల బెనిఫిట్ ప్లాన్లకు వర్తించే) చట్టం కింద అలా రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే కోర్టు రోజుకు 110 డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు. నోటిమాటగా అడిగితే ఈ హక్కు పుట్టదు. అది చేతికి వచ్చాక చూడవలసిన చోట్లు నాలుగు: జబ్బుకు ముందటి ఆదాయానికి ఇచ్చిన నిర్వచనం, కనీస గంటల షరతు, పాక్షిక వైకల్యం నిబంధన, ఎలిమినేషన్ పీరియడ్‌లో కొద్దిపాటి పని చేసినా ఆ రోజులు లెక్కకు వస్తాయా లేక పూర్తిగా పని మానితేనే వస్తాయా అన్నది. ఈ చివరిది మీ ప్రణాళికనే మార్చగలదు. పూర్తిగా మానిన రోజులే లెక్కిస్తామని పాలసీ అంటే, ముందు కొన్ని నెలలు పూర్తి సెలవులో ఉండి ఆ తరువాత 24 గంటలకు తిరిగి రావడం మేలు.

మరి శుక్రవారం మేనేజరుకు ఏమి చెప్పాలి? ఉద్యోగ స్థాయి మార్చుకోవడం కాకుండా ఫుల్ టైమ్ ఉద్యోగిగానే కొనసాగుతూ వైద్య కారణాల మీద గంటలు తగ్గించుకుంటానని, అందుకు ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ సెలవు (కుటుంబ, వైద్య కారణాలకు ఉద్యోగం పోకుండా ఇచ్చే సెలవు) పెడుతున్నానని, కాగితాలు హెచ్‌ఆర్‌కు పంపుతున్నానని మర్యాదగా, రెండు మూడు వాక్యాల్లో ఈమెయిలు రాయండి. జబ్బు వివరాలు మేనేజరుకు చెప్పనక్కరలేదు. హెచ్‌ఆర్ మెడికల్ సర్టిఫికేషన్ అడిగితే సాధారణంగా 15 రోజుల గడువు ఉంటుంది, కాబట్టి డాక్టరు దగ్గర ఆ ఫారం ముందే పూర్తి చేయించి పెట్టుకోండి.

ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ గురించి మనవాళ్లలో ఉన్న అభిప్రాయం, అది కాన్పులకూ ఆపరేషన్లకూ ఒకేసారి తీసుకునే పన్నెండు వారాల సెలవని. 1993 నాటి ఆ చట్టం దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారికి ఆ సెలవును ముక్కలుగా, గంటల చొప్పున వాడుకునే హక్కు కూడా ఇచ్చింది. మీరు వారానికి 40 గంటల ఉద్యోగి, కాబట్టి 12 వారాలంటే 480 గంటలు. వారానికి 16 గంటల చొప్పున వాడుకుంటే అవి 30 వారాలు వస్తాయి. ఆ 30 వారాలూ మీరు పనిచేయని గంటలకు జీతం రాదు, నిజమే. కానీ ఉద్యోగం, హోదా, ఆరోగ్య బీమా పాత షరతుల మీదే కొనసాగుతాయి. ఎల్‌టీడీ ఎలిమినేషన్ పీరియడ్ కూడా, కొద్దిపాటి పని చేసిన రోజులను పాలసీ లెక్కిస్తే, ఈలోపు గడిచిపోతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ హక్కు మరుసటి ఏడాది మళ్లీ రావాలంటే గడిచిన 12 నెలల్లో 1,250 గంటలు నిజంగా పనిచేసి ఉండాలి, సెలవు గంటలు అందులో కలవవు. వారానికి 24 గంటల చొప్పున ఏడాదంతా ఒక్కరోజు కూడా మానకుండా చేసినా 1,248 గంటలే అవుతాయి. రెండు గంటల తేడాతో హక్కు పోతుంది! 24 అన్న అంకెను మీ డాక్టరు ఎందుకు ఎంచుకున్నారో నాకు తెలియదు, వారానికి మూడు రోజుల లెక్కే అయి ఉంటుంది. కానీ డాక్టరు 24 నుంచి 26 గంటల మధ్య అని రాయగలిగితే ఒకటి రెండు గంటల తేడాకు కూడా విలువ ఉందని తెలిసి మాట్లాడండి. ఆరోగ్యం ఒప్పుకోకపోతే మాత్రం ఈ లెక్క కోసం గంటలు పెంచుకోవద్దు.

ఆ 30 వారాలు అయిపోయాక ఏడీఏ, అంటే వైకల్యం ఉన్నవారి హక్కులు కాపాడే చట్టం ఉంది. పదిహేను మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు అది వర్తిస్తుంది. సంస్థకు మోయలేని భారం కానంతవరకు, తగ్గించిన గంటలను కూడా సహేతుకమైన సర్దుబాటుగా కోరవచ్చు. ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏలా ఇది ఇన్ని వారాలని లెక్క కట్టిన హక్కు కాదు. ఇరుపక్షాలూ మాట్లాడుకొని తేల్చుకోవలసిన విషయం, కాబట్టి ప్రతి మాటా ఈమెయిలు మీదకు తెచ్చుకోండి.

ఆరోగ్య బీమా సంగతి వేరుగా అడగండి. వారానికి 30 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే ఉద్యోగులకు బీమా ఇవ్వకపోతే పెద్ద సంస్థలకు జరిమానా పడుతుంది. 30కి లోపున్నవారికి ఆ రక్షణ లేదు. కిడ్నీ బయాప్సీలూ, నరం ద్వారా మందులు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్లూ నడుస్తున్న మనిషికి బీమా పోవడం జీతం తగ్గడం కన్నా పెద్ద దెబ్బ. ఒకవేళ గంటలు తగ్గిన కారణంగానే బీమా పోతే, కోబ్రా (కంపెనీ బీమాను సొంత ఖర్చుతో కొనసాగించుకునే హక్కు) కింద మొత్తం ప్రీమియమూ దాని మీద 2 శాతమూ కట్టుకుంటూ 18 నెలలు కొనసాగవచ్చు. మొదటి 60 రోజుల లోపలే మీరు డిజేబుల్డ్ అయి ఉన్నారని సోషల్ సెక్యూరిటీ నిర్ణయిస్తే అది 29 నెలల దాకా పెరుగుతుంది, గడువులోగా ప్లానుకు ఆ సంగతి తెలియజేస్తేనే.

ఇక రెండో ప్రశ్న. పార్ట్ టైమ్ చేస్తూ సోషల్ సెక్యూరిటీ డిజేబిలిటీ, అంటే ఎస్‌ఎస్‌డీఐ తీసుకోవచ్చా అన్నారు. మీ జీతంతో అయితే వీలు కాదు. ఆ పథకంలో పాక్షిక వైకల్యం అన్న మాటే లేదు. కనీసం ఏడాది పాటు ఉండే, లేదా ప్రాణాంతకమైన జబ్బు వల్ల చెప్పుకోదగ్గ సంపాదన ఏదీ చేయలేని స్థితి ఉండాలి. ఆ చెప్పుకోదగ్గ సంపాదనకు ప్రతి ఏటా ఒక అంకె ప్రకటిస్తారు. 2025లో అంధులు కానివారికి అది నెలకు 1,620 డాలర్లు, పన్నులు పోకముందు లెక్క. మీరు 24 గంటలకు సంపాదించేది దానికి మూడింతలకు పైనే. దరఖాస్తు పరిశీలనలో అయిదు మెట్లుంటే మొదటి మెట్టు మీదే, మీ వైద్య రికార్డు తెరవకుండానే తిరస్కరిస్తారు. జబ్బు కారణంగా పనిచేయడానికి మీరు పెట్టుకునే కొన్ని ఖర్చులను ఆ సంపాదనలోంచి మినహాయిస్తారు గాని, నెలకు 5,400 డాలర్లను 1,620కి దించేంత ఖర్చులు ఎవరికీ ఉండవు.

పార్ట్ టైమ్ చేస్తూ ఎస్‌ఎస్‌డీఐ తీసుకుంటున్నవారు లేరా అంటే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ముందు మంజూరు చేయించుకొని తరువాత కొద్దిగా పని మొదలుపెట్టినవారు. మంజూరయ్యాక ట్రయల్ వర్క్ పీరియడ్ అని తొమ్మిది నెలలు ఇస్తారు. ఆ నెలల్లో ఎంత సంపాదించినా డబ్బు ఆగదు. నిర్ణీత సంపాదన (2025లో నెలకు 1,160 డాలర్లు) దాటిన నెలను మాత్రమే ఆ తొమ్మిదిలో ఒకటిగా లెక్కిస్తారు. ఆ తరువాత 36 నెలల పాటు, పరిమితి దాటని నెలల్లో డబ్బు తిరిగి వస్తుంది. ఇదంతా మంజూరు తరువాతి వెసులుబాటు. దరఖాస్తుకు ముందు ఇదే పని ఇదే జీతానికి చేస్తూ ఉంటే తలుపే తెరుచుకోదు. మీ స్నేహితురాలి బంధువు విషయంలో విన్నదానికీ, మీకు చెబుతున్నదానికీ తేడా ఇక్కడే వచ్చి ఉంటుందని నా ఊహ.

ఎస్‌ఎస్‌డీఐని పూర్తిగా మరచిపొమ్మని కాదు. పూర్తిగా పని మానవలసిన రోజు వస్తే ఆ నెలలోనే దరఖాస్తు చేయండి. అయిదు నిండు నెలల నిరీక్షణ తరువాత గాని డబ్బు మొదలవదు, ఆ తరువాత మరో 24 నెలలకు మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తుంది. ఆలస్యం చేసిన కొద్దీ అన్నీ వెనక్కి జరుగుతాయి. అర్హత క్రెడిట్ల (సంపాదన మీద సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినందుకు జమయ్యే లెక్క) గురించి మీకు బెంగ అక్కరలేదు. ఏడాదికి నాలుగు చొప్పున పన్నెండేళ్లకు 48 వచ్చి ఉంటాయి, సాధారణంగా కావలసినవి 40, వాటిలో 20 గత పదేళ్లలోవి; మీ వయసుకు 40 కన్నా తక్కువే చాలు. పార్ట్ టైమ్ జీతంతో కూడా ఏడాదికి నాలుగు క్రెడిట్లూ వస్తూనే ఉంటాయి, ఎందుకంటే 2025 లెక్కలో 7,240 డాలర్లు సంపాదిస్తే చాలు. ఇండియాలో పనిచేసిన ఏళ్లు మాత్రం ఇందులో కలవవు. రెండు దేశాల మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. మరొక సంగతి, ఎల్‌టీడీ ఇచ్చే కంపెనీ మీకు ఎస్‌ఎస్‌డీఐ వస్తే సాధారణంగా అంతమేరకు తన చెల్లింపు తగ్గించుకుంటుంది. వెనకటి నెలల బకాయి ఒకేసారి వచ్చినప్పుడు అది తమదేనని అడుగుతుంది కూడా. ఆ డబ్బుతో ఇంటి అప్పు కట్టేసి తరువాత ఇబ్బంది పడినవారిని చూశాను, కాబట్టి విడిగా ఉంచండి.

రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా అంటే టెక్సస్‌లో అలాంటిది లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్ వంటి చోట్ల రాష్ట్ర పథకాలున్నాయి. ఇది చదివే వారిలో కాలిఫోర్నియాలో ఉన్నవారు అక్కడి ఎస్‌డీఐ గంటలు తగ్గి జీతం పడిపోయిన వారికి కూడా వర్తిస్తుందని, జబ్బుతో పని తగ్గిన 49 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలని గుర్తుంచుకుంటే చాలు. హెచ్‌1బీ మీద ఉన్నవారికి వేరే జాగ్రత్త ఉంది: పిటిషన్‌లో రాసిన ఫుల్ టైమ్ ఉద్యోగాన్ని పార్ట్ టైమ్‌గా మార్చాలంటే సవరణ పిటిషన్ కావాలి, కాబట్టి వాళ్లు ఇమిగ్రేషన్ లాయరును కలవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు.

ఇన్సూరెన్సు కంపెనీ ఎక్కడ పట్టుకుంటుందో ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే నేను చూసిన తిరస్కరణల్లో జబ్బు లేదని తేలినవి చాలా తక్కువ. డాక్టరు గదిలోకి వెళ్లగానే ఎలా ఉన్నారంటే, బాగానే ఉన్నానండీ అనడం మనకు అలవాటు. పెద్దవాళ్ల దగ్గర, డాక్టర్ల దగ్గర ఫిర్యాదు చేయడం మర్యాద కాదన్న పెంపకం అది. ఆ డాక్టరు పేషెంటు బాగున్నట్టు చార్టులో టైపు చేస్తారు. ఆరు నెలల తరువాత ఇన్సూరెన్సు నియమించిన డాక్టరు మిమ్మల్ని ఎప్పుడూ చూడకుండానే ఆ ఒక్క వాక్యాన్ని ఎత్తి చూపి, పరిస్థితి నిలకడగా ఉందని రాస్తారు. అందువల్ల ప్రతి విజిట్‌లోనూ పని గురించి చెప్పండి: ఎంతసేపు కూర్చోగలుగుతున్నారు, మధ్యాహ్నం ఎన్ని గంటలకు శక్తి అయిపోతోంది, వేళ్ల వాపుతో టైపింగ్ ఎంతసేపు సాగుతోంది, మీటింగులో మాటలు మరచిపోతున్నారా, పనిచేసిన మరుసటి రోజు ఎలా ఉంటోంది. ల్యాబ్ రిపోర్టులు జబ్బు ఉందని నిరూపిస్తాయి, పని చేయలేకపోతున్నారని నిరూపించవు. ఆ రెండోది డాక్టరు నోట్సులో మీ నోటి నుంచే చేరాలి. కేవలం అలసట, నొప్పి అని మాత్రమే రాసి ఉంటే ఇంకో ప్రమాదం ఉంది: పేషెంటు చెబితే తప్ప పరీక్షల్లో కనిపించని లక్షణాలకు 24 నెలలే చెల్లిస్తామని కొన్ని పాలసీల్లో ఉంటుంది. మీకు కిడ్నీ రిపోర్టులూ రక్తపరీక్షలూ ఉన్నాయి కాబట్టి, డాక్టరు తన నోట్సులో లక్షణాలను వాటితో ముడిపెట్టి రాసేలా అడగండి.

గంటలు తగ్గించుకున్నాక రాత్రిపూట లాప్‌టాప్ తెరిచి మిగిలిన పని పూర్తి చేసే పద్ధతి కూడా మానుకోవాలి. టీమ్‌కు ఇబ్బంది కలగకూడదని మంచి మనసుతో మీరు చేసే ఆ పని లాగిన్ రికార్డుల్లో ఉంటుంది. 24 గంటల జీతం తీసుకుంటూ 40 గంటల పని చేయగలుగుతున్నారని చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కరలేదు. ఫోటోల సంగతీ అంతే. సంఘం వాళ్లు పెట్టిన బతుకమ్మ ఫోటోలో చీర కట్టుకొని నవ్వుతూ నిలుచున్నారని క్లెయిము కొట్టేయడం న్యాయం కాదు, ఆ తరువాత రెండు రోజులు మంచం దిగలేదని ఫోటో చెప్పదు కదా. అయినా అలాంటివి ఫైళ్లలో చేరుతూనే ఉంటాయి. పండుగలు మానేయమనను, వెళ్లినది దాచవద్దు, దాని తరువాత ఏమైందో డాక్టరుకు చెప్పడం మరవవద్దు.

పని నాణ్యత తగ్గిందన్న మాట మీ రివ్యూలో వచ్చే లోపలే జబ్బు సంగతి హెచ్‌ఆర్ దగ్గర నమోదై ఉండాలి. ఈ రోజుల్లో లేఆఫ్ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఉద్యోగం పోయిన తరువాత మొదలైన వైకల్యానికి ఎల్‌టీడీ రాదు. ఉద్యోగంలో ఉండగానే మొదలైందని రుజువైతే సాధారణంగా చెల్లింపు కొనసాగుతుంది. లేఆఫ్ అయితే నిరుద్యోగ భృతికి పరుగెత్తే ముందు కూడా ఆలోచించండి. పనిచేయడానికి సిద్ధంగా, సమర్థంగా ఉన్నానని అక్కడ ప్రతిసారీ ధ్రువీకరించాలి. అదే సమయంలో పనిచేయలేనని ఇంకొక చోట రాసి ఉంటే రెండూ ఒకదాన్నొకటి పొడుస్తాయి.

మొదటిసారి తిరస్కరిస్తే నిరాశపడి ఊరుకోవద్దు, అలాగని కోపంలో ఒక పేజీ ఉత్తరం రాసి పంపవద్దు. ఎరీసా కింద అప్పీలుకు 180 రోజులుంటాయి. మొదట చేయవలసింది మీ క్లెయిము ఫైలు మొత్తం ఉచితంగా తెప్పించుకోవడం. తరువాత కోర్టుకు వెళ్లినా జడ్జి చాలావరకు ఆ ఫైలులో ఉన్న కాగితాలనే చూస్తారు, కొత్త సాక్ష్యాలు సాధారణంగా తీసుకోరు. కాబట్టి అప్పీలులో పెట్టనిది ఇక ఎక్కడా పెట్టలేరు. లాయరుకు ఫీజు ఇవ్వదలిస్తే ఈ దశలోనే ఇవ్వండి.

చివరగా విజయవాడ. ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ సెలవులో ఉండి అక్కడ వైద్యం చేయించుకోవడానికి అడ్డేమీ లేదు. మీరు అక్కడ ఉన్నప్పుడు సర్టిఫికేషన్ అవసరమైతే అక్కడి డాక్టరు ఇచ్చినదాన్ని కంపెనీ అంగీకరించాలి. ఎల్‌టీడీకి మాత్రం పాలసీ చూడకుండా టికెట్టు కొనవద్దు. అమెరికా, కెనడాల బయట కొన్ని నెలలకు మించి ఉంటే చెల్లింపు ఆపేస్తామని చాలా పాలసీల్లో ఉంటుంది, పైగా క్రమం తప్పకుండా డాక్టరు పర్యవేక్షణలో ఉండాలన్నది దాదాపు అన్నిటిలోనూ ఉండే షరతు. అక్కడి ప్రతి విజిట్‌కూ తేదీతో, డాక్టరు సంతకంతో కాగితం తీసుకోండి. ప్రిస్క్రిప్షన్ చీటీ ఒక్కటీ చాలదు, పరీక్షించి ఏమి గమనించారో కూడా రాయమనండి. గ్రీన్ కార్డు దృష్ట్యా ఆరు నెలలు దాటకుండా తిరిగి రావడం మంచిది, రేపు పౌరసత్వానికి నివాస కాలం లెక్కించేటప్పుడు ప్రశ్నలు రావు. నన్నడిగితే ముందు ఇక్కడ డాక్టరు పత్రమూ, ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ ఆమోదమూ, క్లెయిము నంబరూ చేతికి తీసుకొని, పాలసీలో ఎన్ని నెలలు అనుమతించారో చదివి, దానికి ఒక నెల తక్కువగా తిరుగు ప్రయాణం పెట్టుకొని వెళ్లండి.